గుర్తుకు నాలుగో అర్థం

మొన్న తెలుగు పీరియడ్‌లో టీచరు గారు "గుర్తు" అనే మాటకు నానార్థాలు రాయమన్నారు. నేను మూడు రాసినాను. ఆనవాలు, జ్ఞాపకం, ఓటు వేసే గుర్తు. మూడింటికీ మార్కులు పడ్డవి. కానీ నాలుగో అర్థం ఒకటి మా ఇంట్లో రేకు పెట్టెలో ఉంది. దాని గురించే మన గోడ పత్రికలో రాస్తున్నాను.

ముందు మా అవ్వ సంగతి చెప్పాలె. మేము కోయోళ్ళం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే, అవ్వకు చదువు రాదు. కానీ చీకట్లో ఆకు చేతికిస్తే అది తునికో మోదుగో చెప్తది. కొత్త మనిషి ఊళ్ళోకొస్తే కార్డు అడగదు. ఇంటిపేరు అడుగుతది, ఏ గట్టు అని అడుగుతది. మాకు మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు ఇట్ల ఉంటవి. ఒకే గట్టోళ్ళు అన్నదమ్ముల లెక్క, పిల్లను ఇచ్చుకోరు. రెండు ప్రశ్నల్లో ఆయన మాకు అన్న అయితడో బావ అయితడో తేలిపోతది. వెంటనే నీళ్ళ చెంబు వస్తది.

అదే అవ్వ పోడు చేను కోసం అర్జీ పెట్టుకుంటే "ఆధారాలు లేవు" అని కాగితం వచ్చింది. దసరా సెలవుల్లో నాతోనే చదివించింది. చదివినాక అవ్వ మొహం చూడలేకపోయాను. "నలభై ఏండ్లు దున్నిన, ఆ చేనును అడగమను, నన్ను గుర్తు పట్టదా?" అన్నది.

ఆ చట్టం 2006లో వచ్చింది. అటవీ హక్కుల గుర్తింపు అని దాని పేరులోనే ఉంది. చాలామంది "సర్కారు భూములు ఇస్తున్నది" అంటరు. నాకు ఆ మాట నచ్చదు. ఇవ్వడం వేరు, గుర్తించడం వేరు. ముందునుంచీ ఉన్నదాన్ని ఉన్నదని ఒప్పుకుంటే అది గుర్తించడం. అడవిలో ఉండేవాళ్ళకు అన్యాయం జరిగిందని ఆ చట్టమే మొదట్లో రాసుకుంది.

ఒక సారు దగ్గర నియమాల పుస్తకం అడిగి చదివినాను. కష్టమైన తెలుగు, సగం అర్థం కాలేదు. అర్థమైన సగంలో 13వ నియమం ఉంది. చదును చేసిన నేల, కట్టిన గుడిసె, వేసిన గట్లు ఆధారాలే. (ఇవి చేను గట్లు, మా గట్లు వేరు!) అర్జీదారు కాకుండా వేరే పెద్దవాళ్ళు చెప్పిన మాటను రాసిపెడితే అదీ ఆధారమే. ఇట్లాంటివి ఒకటి కంటే ఎక్కువ చూపాలె. ఉపగ్రహం ఫొటో సాయానికే గాని వీటికి బదులు కాదని 2012లో చేర్చిండ్రు.

మరి మా పక్కింటి తాతకు ఏ గట్టు ఎప్పుడు వేసిండ్రో అంతా తెలుసు. ఆయన మాట ఎవరూ రాయలేదు. అడగని వాళ్ళది తప్పే. కానీ రాయడం వచ్చిన మనమందరం ఇక్కడ హాస్టల్లో ఉన్నాం. ఆవు మీద వ్యాసం ఎన్నిసార్లు రాసినామో లెక్కలేదు, మన తాతలు చెప్పింది ఒక్క పేజీ రాసినామా?

నిర్ణయం వచ్చిన 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు. అందుకే సంక్రాంతి దాకా ఆగను, దీపావళికే పోతాను. తాత కోయలో చెప్తడు, నేను తెలుగులో రాస్తాను. ఆయనకు సంతకం రాదు, వేలిముద్ర వేస్తడు. ఎవరి దగ్గరైనా ఇంకు ప్యాడు ఉంటే ఇవ్వండి. వచ్చినాక తిరిగి ఇచ్చేస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని