అచ్చులోనే దిద్దాలి

పెళ్లి శుభలేఖలు అచ్చయి వచ్చాక వరుడి ఇంటిపేరులో తప్పు కనిపించిందనుకోండి. ఐదు వందల కార్డులనూ పెన్నుతో దిద్దుతామా? ఓపిగ్గా దిద్దినా, చాల్లేదని ఇంకో వంద వేయిస్తే మళ్లీ అదే తప్పు వస్తుంది. అందుకే ప్రెస్సుకు వెళ్లి మ్యాటర్లోనే సరిచేయిస్తాం.

తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు కార్డుల్ని పెన్నుతో దిద్దినట్టే చేసి దెబ్బతిన్నాడు. దామలచెరువులో ఓ మామిడి మండీకి లెక్కలు చూసే ప్రోగ్రాము వాడి ప్రాజెక్టు. "నిన్నటి దాకా బాగానే పనిచేస్తా ఉండె మామా. కాయల రకం అని ఒక్క వివరం చేర్చినా, అంతే, ఏదీ రాలే" అని రాత్రి ఫోను. తెల్లారితే వైవా.

వివరాలన్నీ 'ప్రోటో' అనే చిన్న ఫైలులో రాస్తే, దాన్ని చదివి గో భాషలో కోడ్ తయారుచేసి ఇచ్చే సాధనం ఉంది. గూగుల్ 2008లో అందరికీ ఉచితంగా ఇచ్చిన ప్రోటోకాల్ బఫర్స్‌లో భాగమది. చిక్కల్లా మండీ డేటాబేసుతోనే. కోడ్‌లో 'రైతుపేరు' అని ఉంటే, అక్కడి పట్టికలో 'పార్టీ' అని ఉంది. పాత బిల్లులన్నీ దానిమీదే నడుస్తున్నాయి, మార్చడానికి లేదు. ఆ రెండూ ఒకటేనని చెప్పే చీటీయే ట్యాగ్. డేటాబేసు ట్యాగులను ఈ సాధనం తనంతట తాను అంటించదు. అందుకని మనవాడు తయారైన కోడ్‌లోకి వెళ్లి ఒక్కొక్కటీ చేత్తో అంటించాడు. కొత్త వివరం కోసం కోడ్ మళ్లీ తయారుచేయగానే ట్యాగులున్న పాత ఫైలు పోయి, ట్యాగుల్లేని కొత్తది వచ్చింది.

నిజానికి ఆ ఫైలు మొదటి వరుసలోనే 'మార్చవద్దు' అని ఇంగ్లిషు పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. చదివేదెవరు?

మరేం చేయాలి? ట్యాగును ప్రోటో ఫైలులోనే, ఆ వివరానికి పైన, 'గోట్యాగ్స్' అనే గుర్తుతో కామెంటుగా రాసుకోవాలి. కోడ్ తయారైనప్పుడు ఆ కామెంట్లూ అందులోకి వస్తాయి. ఆ తరువాత 'ప్రోటోక్ గో ఇంజెక్ట్ ట్యాగ్' అనే ఉచిత సాధనాన్ని నడిపితే, వాటిని చదివి ట్యాగులు అదే అంటిస్తుంది. ఈ రెండు పనులనూ ఒకే స్క్రిప్టులో వరుసగా పెట్టుకోండి. రెండోది మరిచిపోయే భయం ఉండదు.

రాత్రి రెండింటికి మళ్లీ ఫోను. "బేనీషా, తోతాపురి అన్నీ వచ్చేసినాయి మామా!"