బ్రేకు వేయు విద్య

మోటారు సైకిలు పందెముల ప్రసక్తి వచ్చినప్పుడు మన విద్యార్థులు వేగమునే కీర్తింతురు. మేము మాత్రము బ్రేకు వేయు నేర్పునకే పెద్దపీట వేయుదుము.

గంటకు 80 కిలోమీటర్ల వేగము 160 అయినచో బండి గతిశక్తి నాలుగింతలగును. చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటపై ప్రతి గట్టి మలుపునకు ముందు ఆ శక్తిలో చాల భాగమును బ్రేకులు కొన్ని క్షణములలో వేడిగా మార్చవలెను. అప్పుడు భారము ముందు చక్రముపై పడును. వెనుక చక్రము తేలికయై ఒక్కొక్కప్పుడు నేలను విడుచును. అందుచే ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజరాదు. టైరు నేలను అదిమిపట్టిన కొలది ఒత్తిడి పెంచవలెను.

అసలు కిటుకు మోకాళ్ళలో నున్నది. వానితో పెట్రోలు ట్యాంకును బిగించి దేహభారమును నిలుపవలెను. చేతులు వదులుగా నుండవలెను. బెదరినవాడు హ్యాండిలునే బిగించును! బండి తనంత తాను సర్దుకొనబోవగా అతడే అడ్డుపడి దానిని ఊగించును. గేరు తగ్గించి క్లచ్చిని తటాలున వదలినను వెనుక చక్రము గెంతును.

2019 ఏప్రిల్ నుండి మన దేశమున 125 సి.సి. మించిన కొత్త బండ్లకు ఎ.బి.ఎస్. తప్పనిసరి. అది చక్రము బిగుసుకొనకుండ కాపాడును గాని మోకాళ్ళ పని చేయదు.

ఇసుకయు జనమును గల బజారు వీథిలో ఈ విద్యను పరీక్షింపబూనుట నేరమే. భౌతికశాస్త్ర తరగతిలో ఈ లెక్కను చేసి చూపుటకు కమిటీవారు ఒక్క గంట కేటాయింపవలెనని మా కోరిక.