ఒంట్లో బాగున్న పిల్లాడికి డాక్టరెందుకు?

బిలాస్‌పూర్‌లోని వ్యాపార్ విహార్‌లో లెక్క తేలని ఖర్చు ఎవరూ పెట్టరు. లారీలు, గోదాములు, టోకు బేరాల మధ్య రూపాయి ఎటు పోతుందో, తిరిగి ఎప్పుడొస్తుందో చూసుకునే పేట అది. అలాంటి చోట జ్వరం గానీ దగ్గు గానీ లేని ఏడేళ్ల పిల్లాణ్ణి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలంటే గట్టి కారణమే కావాలి. డాక్టర్ ఫీజు, ఆటో కిరాయి, స్కూలుకి సెలవు, తండ్రికి ఒక పూట పని నష్టం. గంటన్నర కూర్చుంటే లోపల పది నిమిషాలు చూసి ‘‘బాగానే ఉన్నాడు’’ అంటారు. ఆ మాట పొద్దున్నే ఇంట్లో నానమ్మ పైసా తీసుకోకుండా చెప్పింది. ‘‘గుంటడు తింతన్నాడు, ఆడతన్నాడు, ఇంకేటి కావాల? ఉత్తినే ఆస్పత్రికి తిప్పకండ్రా.’’

ఈ నానమ్మల యాస బిలాస్‌పూర్‌కు కొత్త కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి 1902లో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న తూర్పుతీర మార్గం వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వాళ్లకు ఛత్తీస్‌గఢ్ వైపు దారి చూపింది ఆ కంపెనీయే. రైల్వేలో చేరిన తాతల మనవలు కొందరు ఇప్పటికీ రైల్వేలో ఉన్నారు, కొందరు వ్యాపారాల్లోకి దిగారు. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లో మొదలయ్యాక ఊరి రైల్వే హోదా ఇంకా పెరిగింది. విశాఖపట్నం-కోర్బా ఎక్స్‌ప్రెస్ ఆగే ఈ ఊళ్లో తెలుగు ఇల్లాలు పిల్లాడి విషయంలో పడే సందేహం విశాఖలోనూ, వరంగల్‌లోనూ వినిపించేదే. ఏడాదికోసారి మామూలు పరీక్ష చేయించడం అవసరమా, లేక పట్నం వాళ్ల పటాటోపమా?

ఐదేళ్లలోపు పిల్లల విషయంలో ఈ ప్రశ్నే రాదు. టీకాలే ఆస్పత్రికి నడిపిస్తాయి. నెలన్నర, రెండున్నర నెలలు, మూడున్నర నెలలు, తొమ్మిది నెలలు, ఏడాదిన్నర దాటాక బూస్టర్లు. టీకా కోసం వెళ్లినప్పుడే బరువు తూస్తారు, నాలుగు మాటలు అడుగుతారు. ఐదారేళ్లకు డీపీటీ రెండో బూస్టర్ పడ్డాక ప్రభుత్వ పట్టికలో తర్వాతి సూది పదేళ్లకు, ఆ తర్వాతది పదహారేళ్లకు. మధ్యలో అంతా ఖాళీ. పిల్లలు అంతగా జబ్బుపడని వయసు కూడా అదే. అందుకే డాక్టర్ ముఖం చూడకుండా నాలుగైదేళ్లు గడిచిపోయినా ఎవరికీ తప్పనిపించదు.

నానమ్మది మొండివాదమని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆమె పక్షాన బ్రిటన్ ఉంది. బడి పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి పరీక్షించే పద్ధతిని చట్టం చేసి మరీ 1907లో ఇంగ్లండ్ మొదలుపెట్టింది. పిల్లల వైద్యనిపుణుడు డేవిడ్ హాల్ నేతృత్వంలో 1989లో వచ్చిన నివేదిక ఆ తంతులో ఏది పనికొస్తోంది, ఏది అలవాటుగా సాగుతోంది అని నిలదీసింది. ఆ తర్వాత అక్కడ అందరికీ చేసే పరీక్షలు బాగా తగ్గిపోయాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో బడి వయసు వాళ్లకు మిగిలినవి ముఖ్యంగా నాలుగైదేళ్లప్పుడు చూపు పరీక్ష, బడిలో చేరిన ఏడాది ఒకసారి, పది పదకొండేళ్లప్పుడు ఇంకోసారి ఎత్తు, బరువు. మిగతాదంతా తల్లిదండ్రులకో, టీచర్‌కో అనుమానం వస్తేనే.

అమెరికా దారి వేరు. అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ మూడేళ్లు దాటాక 21 ఏళ్ల వరకు ఏటా ఒకసారి రమ్మంటుంది. అయితే అదే దేశంలో ముందస్తు పరీక్షల విలువను తూచే నిపుణుల బృందం మాత్రం అంత ఉత్సాహం చూపదు. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఒక్కసారైనా కంటి పరీక్ష చేయాలని 2017లో గట్టిగానే చెప్పింది. వెన్ను వంకర కోసం అందరినీ పరీక్షించడానికి (2018), పిల్లలందరికీ రక్తపోటు చూడటానికి (2020) తగినంత ఆధారం లేదని తేల్చింది. దానర్థం అవి చేయకూడదని కాదు. చేస్తే మేలు ఎంతో ఇంకా రుజువు కాలేదని.

పెద్ద దేశాలే ఒక మాట మీద లేనప్పుడు బిలాస్‌పూర్ తల్లి ఏం చేయాలి? ‘పరీక్ష’ అనే మాటను విడగొట్టి చూస్తే కొంత దారి దొరుకుతుంది. అందులో ఏటా చూడాల్సినవి కొన్ని, ఒక్కసారి చూస్తే చాలేవి కొన్ని, అసలు అక్కర్లేనివి కొన్ని కలగలిసి ఉన్నాయి.

ఏటా చూడాల్సిన వాటిలో మొదటిది ఎత్తు. ఇంత చవకైన పరీక్ష మరొకటి లేదు, ఇంత నిర్లక్ష్యానికి గురయ్యేదీ లేదు. ఐదేళ్ల నుంచి యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు ఏడాదికి దాదాపు 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అది 4కి పడిపోయిందంటే థైరాయిడ్ లోపం నుంచి గోధుమ పడని సీలియాక్ జబ్బు దాకా ఏదైనా ఉండొచ్చు. కానీ ఆ సంగతి ఒక్కరోజు కొలతలో తెలియదు. నిరుటి కొలత పక్కన ఉండాలి. ‘‘వాళ్ల నాన్న కూడా పొట్టే’’ అని సర్దుకుపోయిన ఇళ్లలో మూడు నాలుగేళ్లు గడిచాక చికిత్సకు సమయం మించిపోతుంది. బరువు సంగతీ ఇంతే, కాకపోతే ఇప్పుడు రెండు వైపుల నుంచీ. బొద్దుగా ఉన్న పిల్లాడు ఆరోగ్యవంతుడన్న నమ్మకం దుకాణాల వీధిలో ఇంకా చెక్కుచెదరలేదు. భారతీయ పిల్లల వైద్యుల అకాడమీ 5 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం 2015లో కొత్త ఎదుగుదల పట్టికలు తెచ్చింది. అందులో ఏటా ఒక చుక్క పెట్టుకుంటూ పోతే గీత ఎటు పోతోందో చదువురాని వాళ్లకూ కనిపిస్తుంది.

రెండోది కన్ను. ఒక కన్ను మందగించిన పిల్లాడు ఫిర్యాదు చేయడు, రెండో కంటితో నెట్టుకొచ్చేస్తాడు. లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. మెదడు ఆ బలహీనమైన కంటిని పక్కన పెట్టేయడానికి అలవాటు పడిందంటే ఏడెనిమిదేళ్లు దాటాక సరిదిద్దడం కష్టమవుతుంది. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో చూపు లోపాలకు అతిపెద్ద కారణం కళ్లద్దాలతో పోయే దృష్టిదోషమేనని తేలింది. కళ్లద్దాలు అంతరిక్ష విజ్ఞానమేమీ కాదు. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్‌లో బడి పిల్లలతో మొదలైన అదే పేరు గల పథకం ఈ లోటు పూడ్చడానికి వచ్చినవే. అయితే హ్రస్వదృష్టి ఎనిమిదేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య ఏటేటా పెరిగే రకం. ఒక శిబిరంలో ఒకసారి చూసి వదిలేస్తే చాలదు.

ఇక ఒక్కసారి చూస్తే చాలేవి. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవాళ్లకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది సికిల్ సెల్. ఈ జబ్బును గిరిజనులకే అంటగట్టడం అలవాటైపోయింది గానీ ఈ రాష్ట్రంలో సాహు, కుర్మీ వంటి వ్యవసాయ కులాల్లోనూ అది గణనీయంగా ఉంది. ఉత్తరాంధ్ర మన్యం నుంచి వచ్చిన కుటుంబాలకూ ఇది పరాయి జబ్బు కాదు. బిలాస్‌పూర్ రైల్వే డివిజన్‌లోనే ఉన్న షాడోల్‌లో 2023 జూలై 1న ప్రధాని నరేంద్ర మోడీ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. నలభై ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి జబ్బును రూపుమాపాలని లక్ష్యం. పుట్టుకతో వచ్చే జన్యు లక్షణం కాబట్టి జీవితంలో ఒక్కసారి సరిగ్గా పరీక్షిస్తే జవాబు మారదు. మారేదల్లా ఆ తర్వాతి జీవితం. జబ్బు ఉన్న బిడ్డకు ఐదేళ్లు వచ్చేదాకా పెన్సిలిన్, న్యుమోకోకల్ టీకా, అవసరాన్ని బట్టి హైడ్రాక్సీయూరియా, పక్షవాతం ముప్పు తెలుసుకోవడానికి మెదడు రక్తనాళాల డాప్లర్ స్కాన్ ఏటా. అలాంటి ఇంట్లో ‘ఏడాదికోసారి చాలదా?’ అన్న ప్రశ్న తలకిందులవుతుంది. వాళ్లకు ఏడాదికోసారి ఏమాత్రం చాలదు.

గుండె విషయం కొంచెం తిరకాసుది. గొంతు నొప్పిని పట్టించుకోకపోతే ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవడం మన దేశంలో ఇంకా పోలేదు. ముందే పట్టుకుంటే మూడు వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్ కవాటాన్ని కాపాడుతుంది. స్టెతస్కోప్ అందుకు పనికొస్తుంది కానీ, దానికి చిక్కని కేసులు ఎకోలో బయటపడటం మామూలే. మరోవైపు, ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా చాలామందికి ఏదో ఒక దశలో గుండె చప్పుడులో హానిలేని మర్మర్ వినిపిస్తుంది. అనుభవం లేని చెవి దాన్ని పెద్దది చేస్తే ఎకో ఖర్చు, రాయ్‌పూర్ ప్రయాణం, ఇంటిల్లిపాదికీ నిద్రలేని రాత్రులు. ఆ తర్వాత ఏమీ లేదన్నా తల్లి నమ్మదు. పిల్లాణ్ణి పరుగెత్తనివ్వదు. అనవసర పరీక్షకు బిల్లులో కనిపించని ఖర్చు ఇదీ.

ఈ ఖర్చును పెంచేవి ల్యాబ్‌ల ప్యాకేజీలు. ‘పిల్లల సంపూర్ణ ఆరోగ్య పరీక్ష, అరవై పరీక్షలు, సగం ధరకే’ అంటూ వచ్చే ప్రకటనలు చూసి మోసపోయేది చదువుకున్నవాళ్లే. లివర్, కిడ్నీ, ఇంకా నోరు తిరగని పేర్లు. ఏ లక్షణమూ లేని పిల్లాడికి అరవై పరీక్షలు చేస్తే రెండు మూడు గీత దాటి కనిపించడం అంకెల లెక్క ప్రకారం సహజం. దాంతో మళ్లీ పరీక్షలు. రక్తహీనత కోసం హిమోగ్లోబిన్ చూడటానికి మాత్రం అర్థముంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 67.1 శాతం, అంతకు ముందరి సర్వేలో 58.6. దీనికి మందు కూడా ఖరీదైనది కాదు. ఐదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు వారానికో గులాబీ మాత్ర, పది దాటితే నీలం మాత్ర బడుల్లో ఇవ్వాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది.

అసలు వింత ఎక్కడంటే, ఈ వార్షిక పరీక్ష పేదలకు కాగితం మీద హక్కుగా ఉంది. మధ్యతరగతికి లేదు. 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉన్న సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి వెళ్లాలి. పుట్టుకతో వచ్చే లోపాల నుంచి ఎదుగుదలలో ఆలస్యం దాకా 30 రకాల సమస్యలు చూసి, అవసరమైతే పెద్దాస్పత్రికి పంపాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే 2010 నవంబర్ 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష ఇదే పని తలకెత్తుకుంది. ఈ బృందాలు ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడి గేటు దాటవు. వ్యాపార్ విహార్ వ్యాపారి కొడుకూ, రైల్వే గుమాస్తా కూతురూ చదివేది సాధారణంగా అక్కడే. ఆ బడులకు టై, బెల్టు, రెండు రకాల బూట్ల మీద ఉన్న పట్టింపు పిల్లల కంటిచూపు మీద అరుదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం అమల్లో ఉన్న 2009-17 మధ్య సీబీఎస్ఈ రిపోర్టు కార్డులో ఎత్తు, బరువు, చూపు, పళ్లకు గడులైనా ఉండేవి. వాటిని నింపింది డాక్టరా, క్లాస్ టీచరా అని అడిగిన తండ్రులు తక్కువే.

రైల్వే ఉద్యోగులకు ఆ మేరకు సాకు లేదు. ఉమీద్ కార్డు ఉన్న కుటుంబానికి బిలాస్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో ఫీజు బాధ ఉండదు. ఉన్నదల్లా క్యూ బాధ. అయితే రైల్వే కుటుంబాలకు సొంత చిక్కు ఒకటుంది, బదిలీ. సామాన్లు సర్దినప్పుడు అన్నిటికంటే ముందు పోయేది పిల్లల ఆరోగ్య కాగితాల కవరే. అది పోయిందంటే కొత్త ఊరి డాక్టర్‌కు ఆ పిల్లాడు ఆ రోజే పుట్టినట్టు.

బిలాస్‌పూర్‌కు దగ్గర్లోనే గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆస్పత్రి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన డాక్టర్లు కొందరు కలిసి పెట్టిన సంస్థ అది. వాళ్లు అడవి పల్లెల్లో నడిపే ఫుల్వారీ అనే శిశు కేంద్రాల్లో మూడేళ్లలోపు పిల్లల బరువు తూస్తారు. తూచి ఊరుకోరు. అక్కడే వేడిగా తిండి పెడతారు, పనికెళ్లిన తల్లి వచ్చేదాకా చూసుకుంటారు. తూకం ఒక్కటే ఏ బిడ్డనూ పెంచలేదన్నది అంగన్‌వాడీల దశాబ్దాల అనుభవం. బరువు తగ్గిందని రిజిస్టర్‌లో ఎర్రసిరాతో రాసిన తర్వాత ఏం జరిగిందన్నదే ప్రశ్న.

పట్నంలో ప్రైవేటు డాక్టర్ గదికీ అదే ప్రశ్న వర్తిస్తుంది. పది నిమిషాల్లో స్టెతస్కోప్ పెట్టి, టానిక్ రాసి పంపేస్తే నానమ్మే గెలిచినట్టు. అదే పది నిమిషాల్లో నిరుటి ఎత్తు అడిగి, రెండు కళ్లూ విడివిడిగా మూసి అక్షరాలు చదివించి, పళ్లు చూసి, మిగిలిపోయిన టీకా ఏదో వెతికి, నిద్ర, బడి, ఫోన్ గురించి తల్లితో కాకుండా పిల్లాడితోనే రెండు మాటలు మాట్లాడితే ఆ ఫీజుకు న్యాయం జరిగినట్టు. అందుకని అడిగే పని తల్లిదండ్రులదే అవుతోంది. పోయినసారి ఎంత ఎత్తున్నాడో కాగితం మీద రాసి పట్టుకెళ్లిన వాళ్లను చూసి విసుక్కునే డాక్టర్ ఉంటే, వచ్చే ఏడు వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు. జూన్‌లో బళ్లు తెరిచే ముందు వారం ఎలాగూ యూనిఫాం కొలతలకు దర్జీ దగ్గర అరపూట పోతుంది. ఆ కొలతల కాగితం మాత్రం చాలా ఇళ్లలో భద్రంగానే ఉంటుంది.