పచ్చకన్ను ముడుచుకునేదాకా

1936 ఏప్రిల్ 1న బరంపురం ఒరిస్సాలో కలిసింది. మద్రాసులో ఆలిండియా రేడియో మొదలైంది 1938 జూన్ 16న. అంటే మద్రాసు గొంతు విప్పేనాటికి బరంపురం ఉన్న మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ గడప దాటి రెండేళ్లయింది. ఆపైన 1948 జనవరిలో కటకం రేడియో వచ్చింది, డిసెంబరులో విజయవాడ. బడిలో ఒడియా చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మా బోటి వాళ్లకు తీరైన తెలుగు చెవిన పడిందంటే అది గూట్లోని వాల్వు రేడియో చలవే.

ఆ పెట్టె పిల్లలకు అందని ఎత్తులో ఉండేది. మీద అమ్మ అల్లిన లేసు గుడ్డ. స్విచ్చి తిప్పగానే పలికే రకం కాదు. ముందు డయల్ దీపం వెలిగేది, వాల్వుల్లో తీగలు ఎర్రబడేవి, సన్నటి మోత, కాలిన దుమ్ము వాసన, ఆ తర్వాతే మాట. నాన్నగారు ముల్లు జరుపుతుంటే మేం డయల్ పక్కనున్న పచ్చకన్ను వంకే చూసేవాళ్లం. స్టేషను సరిగ్గా చిక్కిందా, నడిమి నీడ ముడుచుకుపోయేది.

పగలు కటకం ఖంగున మోగేది. విజయవాడ కావాలంటే చీకటి పడాల్సిందే. ఎండ ఉన్నంతసేపూ ఆకాశంలో ఒక పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. పొద్దుగూకాక అది పలచబడితే, తరంగాలు ఇంకా పైపొరకు తగిలి ఎక్కడో దూరాన దిగుతాయి. దిగినా నిలకడ ఉండదు. నాటకంలో అసలు గుట్టు బయటపడే చోటే గొంతు మునిగిపోయేది! 1963లో విశాఖ కేంద్రం వచ్చాక కాస్త తెరిపిన పడ్డాం. తర్వాతి రోజుల్లో విశాఖకు 927 కిలోహెర్ట్జ్, కటకానికి 972 ఖాయమయ్యాయి. డయల్ మీద గోరంత దూరం. అన్నయ్యకు ఒడియా పాటల పిచ్చి. మా ఇంట్లో భాషా వివాదమంతా ఆ గోరంతలోనే నడిచింది.

తెలుగు పిల్లలను రేడియో ముందు కూర్చోబెట్టిన ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు 1905లో ఈ బరంపురంలోనే పుట్టారు. మద్రాసు కేంద్రంలో పిల్లల చేతే ఆడించి పాడించారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. మన ఊరి వి.వి. గిరి పేరెత్తగానే ఛాతీ విరిచే మనవాళ్లు ఈయన్ను తలచుకోగా నేను వినలేదు. రాష్ట్రపతి పదవికున్న దర్జా బాలానందమనే పిల్లల కార్యక్రమానికి లేదు కాబోలు.

ఈమధ్య పాత పెట్టెలకు గిరాకీ పెరిగింది. కొన్నవాళ్లు లోపలి సరంజామా పీకేసి బ్లూటూత్ స్పీకరు బిగిస్తున్నారు. చూస్తే ఒళ్లు మండుతుంది. వాల్వులు అంత తేలిగ్గా చావవు. ఏళ్ల తరబడి మూల పడేస్తే పాడయ్యేవి చాలావరకు కండెన్సర్లే, అవి మార్చుకోవచ్చు. అటక మీంచి దించిన సెట్టును మాత్రం నేరుగా ప్లగ్గులో పెట్టకండి. పాత మెకానిక్కులు ముందు ఒక మామూలు బల్బును సిరీస్‌లో కలిపి చూసేవారు. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోయిందంటే లోపల షార్టు ఉన్నట్టే. ఆ పని తెలిసిన చేతులు ఎన్నో మిగల్లేదు. పైగా ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా మూసేస్తోంది. మా ఇంటి సెట్టు లాంటివి ఎఫ్ఎంను అందుకోలేవు. బాగుచేయించే ఉద్దేశం ఉంటే ఈ ఏడాదే చేయించండి.