మందు సీసాపై మన భాష

హోసూరు కూరగాయల తోటలలో గాని, బళ్ళారి మిరపచేలలో గాని మన రైతు చేతికి వచ్చు పురుగుమందు సీసాపై తెలుగక్షరము కనబడుట అరుదు. ఇంట తెలుగు మాటలాడుచు, స్థానిక లిపి పట్టుపడని పెద్దలకును, కూలికి వచ్చు స్త్రీలకును ఆ కాగితము మూగది. 1971 నాటి నియమముల ప్రకారము హిందీ, ఇంగ్లీషులతోబాటు, సరుకు అమ్ముడగు ప్రాంతమున వాడుకలోనున్న ఒకటి రెండు ప్రాంతీయ భాషలలో సూచనలు ముద్రింపవలెను. మన పల్లెలలో ఆ రెండవ భాష తెలుగే యని అధికారులకు తెలుపుట మన పని.

అంతవరకు రంగులనైనను చదువుకొందము. సీసాపై మూలమీద నిలిపిన చతురస్రమొకటి యుండును. దాని క్రింది సగము ఎరుపైనచో అత్యంత విషము, పసుపైనచో తీవ్ర విషము, నీలమైనచో మధ్యమము, ఆకుపచ్చయైనచో స్వల్పము. మనలో పసుపును, ఆకువన్నెను రెంటిని "పచ్చ" యనుట కలదు. "పచ్చ గుర్తే, భయము లేదు" అని యజమాని చెప్పగా కూలివాడు పసుపు గుర్తు సీసా విప్పినచో ఏమగునో ఊహింపుడు! విడదీసి చెప్పుట మేలు. ఆకుపచ్చయైనను విషమే సుమా.

2017లో ఆదిలాబాదుకు పొరుగుననున్న యవత్మాల్ జిల్లాలో ప్రత్తికి మందు కొట్టుచు ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ యేడు చేలు మనిషెత్తు పెరిగి, తుంపర ముఖముననే పడినది. గాలి వెనుకనుండి వీచునట్లు నిలిచి కొట్టవలెను. మందును కర్రతో కలుపవలెను గాని చేతితో కాదు. పూడిన నాజిల్‌ను నోట ఊదరాదు. ఒడలెల్ల కప్పు బట్ట, చేతొడుగులు, ముఖమునకు మాస్కు ఉండవలెను. మందును తిండిగింజల చెంత ఉంచరాదు. 1958లో కేరళమున పారాథియాన్ సోకిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా చనిపోయిరి.

చొల్లు, చెమట, వాంతి, కండరముల అదురు, ఆయాసము, కంటిపాప చిన్నదగుట కనబడినచో రోగిని చేనినుండి తొలగించి, తడిసిన బట్టలు విప్పి, సబ్బునీటితో ఒడలు కడుగవలెను. కడుగువారు తమ చేతులు కాపాడుకొనవలెను. కంట పడినచో పావుగంటసేపు మంచినీరు పోయవలెను. ఉప్పునీరు త్రాగించి కక్కించుట మన ఇండ్ల పాత అలవాటు. అది కూడదు, మందు ఊపిరితిత్తులలో చేరవచ్చును. స్పృహ లేనివానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోట ఏమియు పోయక, 108కి కబురు చేయుడు. సీసాను వెంట తీసికొనిపొండు. ఏ మందో తెలిసినచో వైద్యునికి అట్రోపిన్ వంటి విరుగుడు త్వరగా తోచును.

మీ ఊరి దుకాణమున తెలుగు సూచనలు లేని మందుల పేర్లు వ్రాసి సంఘమునకు పంపుడు. వానిని జతపరచి జిల్లా వ్యవసాయాధికారులకు మహజరు సమర్పింతుము.