ముందు చక్రాలకూ తాళం కావాలా?

మే నెల వచ్చిందంటే నూజివీడు రైతుకి ఒక కన్ను కాయ మీద, ఒక కన్ను ఆకాశం మీద ఉంటుంది. బంగినపల్లి, కలెక్టరు, చిన్న రసం, పెద్ద రసం... ఏదైతేనేం, ఒక్క గాలివాన చాలు ఏడాది కష్టం చెట్టు కింద పరచుకోడానికి. రాలిన కాయ నేల మీద ఎంతసేపుంటే ధర అంత పడిపోతుంది. వెంటనే ఏరించి నున్న మార్కెట్టుకి తోలేయాలి. సరిగ్గా అప్పుడే తోటలోకి వెళ్లిన జీపు దిగబడుతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ వేసినా కదలదు. ముందొక చక్రం, వెనకొక చక్రం బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతాయి. మిగతా రెండూ చోద్యం చూస్తుంటాయి.

ఆ సమయంలో ఎవరో ఒకరు తప్పకుండా ఇచ్చే సలహా... ‘ముందు యాక్సిల్‌కి కూడా లాకర్ వేయించండి, ఏ గుంటలో దించినా వచ్చేస్తుంది’ అని. సలహా చెడ్డది కాదు. కానీ ఖర్చు తక్కువేం కాదు. పైగా అందరికీ అవసరమూ కాదు.

కాడెద్దుల లెక్క

కాడి కట్టిన ఎడ్లు మలుపు తిరిగేటప్పుడు చూడండి. బయటి ఎద్దు ఎక్కువ దూరం నడుస్తుంది, లోపలిది దాదాపు అక్కడే కాళ్లు మారుస్తుంది. బండి చక్రాలకూ అంతే. రెంటినీ ఒకే ఇరుసుకి బిగించేస్తే మలుపులో ఏదో ఒకటి ఈడ్చుకుపోవాల్సిందే. ఆ బాధ లేకుండా రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల అమరికే డిఫరెన్షియల్. 1828లో ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ అనే ఆయన ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్లయినా కిటుకు అదే.

దాంట్లో ఓ చిక్కుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే ఇస్తుంది. ఒక చక్రం బురదలో జారిందంటే దానికి పట్టే బలం చాలా కొంచెం. గట్టి నేల మీదున్న రెండోదానికీ అంతే కొంచెం అందుతుంది. బక్క ఎద్దు ఎంత లాగితే బలమైన ఎద్దూ అంతే లాగుతానని మొండికేసినట్టన్నమాట! తోటల్లో గట్టు మీదుగా ఏటవాలుగా దాటేటప్పుడు ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి తేలిపోవడం మామూలే. నాలుగు చక్రాల బండి నిలబడిపోయేది అక్కడే.

లాకర్ చేసే పని ఆ రెంటినీ కలిపి కట్టెయ్యడం. అప్పుడు ఒకటి గాల్లో ఉన్నా రెండోది లాగుతుంది. ఇది మన రైతులకు కొత్త సంగతేం కాదు. ట్రాక్టర్‌లో మడమకి అందేలా ఉండే డిఫరెన్షియల్ లాక్ పెడల్ పని ఇదే. దమ్ములో దిగబడితే దాన్ని తొక్కుతాం. మలుపు తిప్పే ముందు వదిలేస్తాం. వదలకపోతే ట్రాక్టర్ తిరగనంటుంది.

ముందా? వెనకా?

ఆ చివరి మాటలోనే అసలు సంగతుంది. వెనక చక్రాలు లాక్ అయితే బండి మలుపుకి కాస్త మొరాయిస్తుంది. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగే మొరాయిస్తుంది. చక్రం తిప్పినా బండి ముక్కు తిన్నగానే పోతానంటుంది. పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే యాక్సిల్ షాఫ్టు, సీవీ జాయింట్ విరిగే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. చెరువు గట్టు పక్కనో, వాగు ఒడ్డునో బండి ఒరిగి నడుస్తుంటే లాక్ వేసిన రెండు చక్రాలూ కలిసి జారతాయి. అలా జారితే పక్కకి పట్టు ఉండదు. ముందు భాగం పల్లంలోకి జారుతుంది. లాక్ లేకపోతే ఒక చక్రం తిరుగుతున్నా రెండోది నేలని పట్టుకుని ఉంటుంది. కాబట్టి పక్కవాలు మీద ముందు లాక్ వేయకండి.

ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక చక్రాల మీద పడుతుంది. అందుకే మొదటి లాక్ ఎప్పుడూ వెనకే. కంపెనీలు చేసిందీ అదే. 2015లో మార్చి తెచ్చిన థార్‌లో మహీంద్రా వెనక యాక్సిల్‌కి దానంతట అదే పట్టే మెకానికల్ లాక్ ఇచ్చింది. 2024లో వచ్చిన థార్ రాక్స్ ఫోర్‌బైఫోర్‌లోనూ ఎలక్ట్రానిక్ లాక్ ఉన్నది వెనకే. ముందూ వెనకా రెండు చోట్లా లాక్‌తో వచ్చింది 2021 నాటి ఫోర్స్ గుర్ఖా.

మరి ముందు లాక్ ఎవరికి? నిలువు గట్టు మీదికి ముక్కు ఎక్కించాల్సి వచ్చేవాళ్లకి. వాగులోకి దిగి, అవతల ఎక్కలేక రివర్సులో వెనక్కి రావాల్సి వచ్చేవాళ్లకి. అప్పుడు బరువు ముందు చక్రాల మీదే ఉంటుంది మరి. వెనక లాక్ ఉన్నా ఏటా ఒకే చోట ఇరుక్కుంటున్న వాళ్లకి. మిగతావాళ్లకి వెనకది చాలు.

ఏ రకం?

కావాల్సినప్పుడు వేసి, అక్కర్లేనప్పుడు తీసేసే రకమే ముందు చక్రాలకు మేలు. ఇందులో గాలితో పనిచేసేవి, కరెంటుతో పనిచేసేవి, కేబుల్‌తో లాగేవి ఉన్నాయి. గాలి రకానికి కంప్రెసర్ కావాలి. టైర్లలో గాలి నింపుకోడానికీ అది పనికొస్తుంది. అయితే గాలి గొట్టం ఎక్కడైనా కొట్టుకుపోతే లాక్ పడదు. కరెంటు రకం వైర్లకూ అదే భయం. నరికిన కొమ్మలు, మోళ్లు ఉండే తోటలో గొట్టమైనా వైరైనా యాక్సిల్ పైభాగం మీదుగా కట్టించుకోవాలి.

దానంతట అదే లాక్ అయ్యే ఆటోమేటిక్ రకం చవక. వెనక బాగానే ఉంటుంది. ముందైతే ఫోర్‌వీల్ వేసిన ప్రతిసారీ స్టీరింగ్‌ని లాగేస్తుంటుంది. ఇంట్లో ఆడవాళ్లూ, పెద్దవాళ్లూ నడిపే బండికి వద్దు. లిమిటెడ్ స్లిప్ రకం స్టీరింగ్‌ని పెద్దగా ఇబ్బంది పెట్టదు కానీ, చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే దాని సాయం అంతంతమాత్రమే. 2023లో వచ్చిన జిమ్నీలో లాగా తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి బలం పంపే ఏర్పాటు మీ బండిలో ముందే ఉంటే, దాన్ని వాడటం నేర్చుకోండి. యాక్సిలరేటర్ వదలకుండా మెల్లగా, నిలకడగా తొక్కాలి. అప్పుడే అది పనిచేస్తుంది.

కొనేముందు మీ బండి ముందు యాక్సిల్ ఏ రకమో, క్రౌన్ పినియన్ పళ్ల నిష్పత్తి ఎంతో, షాఫ్టుకి ఎన్ని గాళ్లున్నాయో మెకానిక్ చేత రాయించుకోండి. పాత జీపు లాకరు కొత్త థార్‌కి సరిపోదు. బిగించేవాళ్ల దగ్గర డయల్ గేజ్ ఉందో లేదో చూడండి. క్రౌనుకీ పినియన్‌కీ మధ్య సందు చేతి అంచనాతో పెడితే కొన్నాళ్లకే ఊళ వేయడం మొదలవుతుంది.

వారంటీ, బీమా సంగతి ముందే కాగితం మీద తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. మీరు చేయించే మార్పు దాని కిందికి వస్తుందో రాదో రవాణా కార్యాలయంలో అడగడం మంచిది.

ముందు ఇవి చేయండి

లాకర్‌కి పెట్టే డబ్బులో కొంత మంచి టైర్లకు పెడితే సగం ఇరుకులు తప్పుతాయి. నున్నగా అరిగిన టైరుకి ఏ తాళమూ పట్టు తేలేదు. మెత్తని నేలలోకి దిగేముందు టైర్లలో గాలి 18 పౌండ్ల దాకా తగ్గించండి. టైరు వెడల్పుగా పరుచుకుని నేలని పట్టుకుంటుంది. తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి, మరిచిపోవద్దు. ఎర్రనేల పైకి ఆరినట్టే కనిపించినా పైపొర కింద జిగట ఉంటుంది. కాలితో నొక్కి చూశాకే బండి దించండి.

లాక్ ఉన్నా ఇరుక్కోకముందే వేయాలి. చక్రం గిర్రున తిరుగుతుండగా వేస్తే లోపల పళ్లు విరుగుతాయి. వాగు దాటాక డిఫరెన్షియల్ ఆయిల్ చూడండి. పాలు కలిపినట్టు తెల్లబడిందంటే నీళ్లు వెళ్లాయన్నమాట, మార్చెయ్యాలి. ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు గొలుసు బంపరుకి కాదు, ఛాసిస్ కొక్కేనికి తగిలించండి. పిల్లల్ని దూరంగా పంపేయండి. తెగిన గొలుసు ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు.

చెట్టు సంగతీ చూడాలి. మామిడికి నీళ్లూ ఎరువూ పీల్చే సన్నని వేళ్లు పైపైనే ఉంటాయి. తడినేలలో తిరిగే చక్రం తవ్వే గాడి ఆ వేళ్లనే కోసేస్తుంది. లాక్ ఉంటే చక్రం తక్కువ తిరుగుతుంది కాబట్టి గాడీ తక్కువే. అయినా చెట్ల వరసల మధ్య బండికో బాట వేసి, దాని మీద కాస్త గ్రావెల్ పోయించుకుంటే గాలివాన వెలిసిన గంటకే బండి లోపలికి వెళ్తుంది. కాయలు బాట దాకా మోయించండి. ఇంత చేశాకా ఏటా బండి అదే చోట ఆగిపోతుంటే, వెనక లాక్ కూడా చాలకపోతుంటే, అప్పుడు ముందు చక్రాల తాళం గురించి ఇంట్లోవాళ్లతో కూర్చుని ఆలోచించండి.