సారథి యోగ్యత

వాహనాన్ని నడపడం ఒక విద్య. అపరిచితుల ప్రాణాలను వెనుక కూర్చుండబెట్టుకొని నడపడం విద్య మాత్రమే కాదు; నమ్మి అప్పగించిన సొమ్మును కాపాడడం వంటిది. కర్ణుని రథానికి సారథ్యం వహించిన శల్యుడు అశ్వవిద్యలో శ్రీకృష్ణునికి దీటైనవాడని దుర్యోధనుడే ప్రశంసించాడు. నైపుణ్యానికి కొరత లేదు, కొరత ఉన్నదల్లా మనస్సులోనే. అందుకే 'శల్య సారథ్యం' అన్న మాట నేటికీ మన నోళ్లలో నానుతున్నది. నేర్పు వేరు, యోగ్యత వేరు. ఈ భేదాన్నే ఇంగ్లండు, వేల్సులలోని స్థానిక పాలక మండళ్లు నిత్యం తూచవలసి వస్తున్నది.

మన దేశంలో టాక్సీ నడిపేవారి లైసెన్సు రవాణా శాఖ చేతిలో ఉంటుంది. అక్కడి పద్ధతి వేరు. లండను నగరాన్ని మినహాయిస్తే, మామూలు డ్రైవింగు లైసెన్సుతోపాటు స్థానిక మండలి ఇచ్చే మరొక లైసెన్సు కూడా డ్రైవరుకు ఉండాలి. 1976 నాటి చట్టం ప్రకారం అభ్యర్థి తగినవాడు, యోగ్యుడు అని తృప్తి చెందితేనే మండలి దానిని ఇస్తుంది. ఇచ్చిన పిమ్మట కూడా నేరమో మరొక సహేతుక కారణమో కనబడితే నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. డ్రైవరు 21 రోజులలో మేజిస్ట్రేటు కోర్టును ఆశ్రయించవచ్చు. సాధారణంగా అంతవరకు బండి నడుపుకోవచ్చు. ప్రజాభద్రత కోసం తక్షణమే ఆపవలసి వస్తే 2006 నాటి రహదారి భద్రతా చట్టం ఆ అధికారాన్నీ ఇచ్చింది. అయితే యోగ్యుడంటే ఎవరో చట్టం నిర్వచించలేదు. ప్రజలు ఎన్నుకొన్న సభ్యులు, ఎదుట కూర్చున్న మనిషి పూర్వాపరాలను విని తేల్చుకోవాలి.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. లైసెన్సు పోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. ఆ సంగతిని మండలి లెక్కలోనికి తీసుకోవాలా? లీడ్సు నగర మండలికి సంబంధించిన కేసులో 2002లో హైకోర్టు, సాధారణంగా తీసుకోనక్కర లేదన్నది. కఠినంగా తోచే తీర్పే. అయినా నేను దానినే సమర్థిస్తాను. డ్రైవరు దారిద్ర్యం మన సానుభూతికి పాత్రమే కాని, ప్రయాణికురాలి భద్రతకు అది హామీ కాజాలదు. రాత్రి వేళ ఒంటరిగా బండి ఎక్కిన స్త్రీ అతని కుటుంబ పరిస్థితిని చూసి ఎక్కదు. మండలి ఇచ్చిన బిళ్లను చూసి ఎక్కుతుంది. మీలో కొందరు రేపు పై చదువులకు ఆ దేశానికి వెళ్లవచ్చు. నడిరాత్రి విమానం దిగి టాక్సీ ఎక్కినప్పుడు మీకు కూడా ఆ బిళ్లే ఆధారం.

నేరం రుజువు కాలేదు కదా అని కొందరు వాదిస్తారు. రష్‌క్లిఫ్ మండలి కేసులో 1998లో కోర్టు ఈ వాదాన్ని అంగీకరించలేదు. ఈ మనిషిని శిక్షించవచ్చునా అన్నది నేర న్యాయస్థానం ప్రశ్న; ఈ మనిషికి ప్రయాణికులను అప్పగించవచ్చునా అన్నది మండలి ప్రశ్న. రెండింటి తూకపు రాళ్లు ఒకటి కావు.

మండలి కన్ను మూసుకొంటే ఏమవుతుందో రోథరమ్ పట్టణం చూపింది. 1997 నుండి 2013 వరకు అక్కడ సుమారు 1400 మంది బాలబాలికలు లైంగిక దోపిడికి గురైనారని 2014 ఆగస్టులో వెలువడిన అలెక్సిస్ జే నివేదిక అంచనా వేసింది. ఆ దురాగతాలలో కొందరు టాక్సీ డ్రైవర్ల పాత్ర ప్రస్ఫుటంగా ఉన్నదని కూడా తెలిపింది. మరుసటి ఏడాది వచ్చిన లూయీస్ కేసీ నివేదిక ఆ మండలి లైసెన్సుల నిర్వహణను తప్పుపట్టింది. అయితే ఆ కొందరి పాపాన్ని అదే జాతికి చెందిన డ్రైవర్లందరి నుదుట వ్రాయడం యోగ్యతను తూచడం కాదు. తూచే శ్రమ నుండి తప్పించుకోవడం.

2020లో అక్కడి రవాణా శాఖ వెలువరించిన ప్రమాణాలు మండలి సభ్యులను ఒక సూటి ప్రశ్న వేసుకోమన్నవి: మీకు ప్రియమైన వ్యక్తిని ఏ వేళనైనా ఈ డ్రైవరు బండిలో ఒంటరిగా పంపుతారా? సందేహం కలిగితే దాని ప్రయోజనాన్ని డ్రైవరుకు ఇవ్వరాదని కూడా అన్నవి. మంచి ప్రశ్నే, కాని ప్రమాదం లేకపోలేదు. సందేహం సాక్ష్యం నుండి పుట్టాలి; ముఖం నుండి, పేరు నుండి పుట్టరాదు. తప్పుకు ఇన్ని పాయింట్లని లెక్కగట్టి, అవి నిండగానే లైసెన్సును రద్దు చేసి తీరాలన్న కార్డిఫ్ మండలి విధానాన్ని 2012లో హైకోర్టు తప్పుపట్టింది. కూడిక చేయడానికి యంత్రం చాలు, మండలి ఎందుకు?

మన చట్టంలోనూ ఈ భావన లేకపోలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 19వ సెక్షను కింద, అలవాటుపడిన నేరస్థుని, తాగుబోతును లైసెన్సుకు అనర్హునిగా ప్రకటించవచ్చు. అందుకు ముందు అతని మాట వినాలి. అధికారం ఉన్నది, విచారించే ఓపికే కరువు. 2014 డిసెంబరులో ఢిల్లీలో టాక్సీ డ్రైవరు ఒక యువతిపై అత్యాచారం చేసిన తరువాత గాని అతని గతాన్ని ఎవరూ తరచి చూడలేదు.

ఒక ఊరి మండలి కాదన్న డ్రైవరు పొరుగూరికి పోయి లైసెన్సు తెచ్చుకోవడం ఇంగ్లండులో చాలాకాలం సాగింది. భద్రతా కారణాలతో చేసిన తిరస్కారాలను, రద్దులను ఉమ్మడి జాబితాకు ఎక్కించాలని, కొత్త లైసెన్సు ఇచ్చే ముందు దానిని చూడాలని 2022లో చట్టం చేశారు. జాబితాలో పేరున్నంత మాత్రాన తిరస్కరించి తీరాలని అందులో లేదు. రెండవ మండలి తన నిర్ణయాన్ని తానే తీసుకోవాలి. మొదటి మండలి తన కారణాలను స్పష్టంగా వ్రాసి ఉంచకపోతే, ఆ రెండవ మండలి దేనిని చూసి తూచాలి?